ఏడు లీటర్ల గాలి

మెక్సికో నగరంలో పాతబజారు పక్కనున్న కంప్యూటర్ల సముదాయం పదింటికి తెరుస్తారు. రెండో అంతస్తులో 214 నంబరు దుకాణం జెనైదాది. ఆమె మాత్రం తొమ్మిదింపావుకే వస్తుంది. ముందురోజు బాగుచేతకు వచ్చిన పెట్టెల్ని ఒక్కొక్కటే నడవ చివరి కిటికీ దగ్గరికి మోసుకెళ్ళి, వెనకభాగం వీధివైపు తిప్పి, కరెంటు పెట్టి, గాలి తీస్తుంది. ఈ పని కడుపులో ఏమీ పడకముందే ముగించాలని ఇరవయ్యేళ్ళ అనుభవంలో నేర్చుకుంది.

ఏ కంప్యూటరైనా, కొత్తచోట ఫ్యాను మొదటిసారి తిరిగినప్పుడు, అంతకుముందు తానున్న గది గాలిని బయటికి వదులుతుంది. వాసన, ఉక్క, ఆ గాలిలో చిక్కుకున్న మాటలు అన్నీ వస్తాయి. ఐదారు నిమిషాలు అంతే, తరవాత మామూలే. సెకండ్‌హ్యాండ్ సరుకు అమ్మేవాళ్ళు "గాలి తీసినది" అని చీటీ అంటించి అమ్ముతారు. కిటికీ కింద పళ్ళరసం బండి పెట్టుకున్నాయన రెండుసార్లు పైకొచ్చి గొడవపడి, చివరికి బండిని నాలుగడుగులు అవతలికి జరుపుకున్నాడు.

ఆ పొద్దున మొదటి పెట్టె మాడిన పందికొవ్వు, తడిసిన కుక్క వదిలింది. రెండోది ఇంటర్నెట్ కేఫ్‌ది, నలభై మంది విప్పిన బూట్లు. మూడోదాంట్లోంచి ఎవరో ముసలాయన దగ్గి, కళ్ళె ఉమ్మి, "చారులో మళ్ళీ ఉప్పు లేదు" అన్నాడు. జెనైదా మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. తరవాత మూతలు విప్పింది. ఒక ఫ్యాను కింద నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ము ఉంది. ఇంకోదాంట్లో బెల్లపుపాకంలాంటి చింతపండు కారం జిడ్డు, దానికి అంటుకుపోయిన ఈగలు. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. అందులో సగం మనుషుల ఒంటి పొట్టేనని ఆమె నమ్మకం.

"ఏమ్మా జెనైదా, ఇవాళ ఎవరింట్లో టిఫిను?" ఎదురు దుకాణంలో కేబుళ్ళు అమ్మే దోన్ ఫెర్మిన్ అరిచాడు. అతని చేతిలో అప్పటికే గుడ్డు రొట్టె ఉంది. అరవయ్యేళ్ళ మనిషి. ఏ పెట్టె పక్కనైనా కూర్చుని ఏదైనా తినగలడు.

"నోరు మూసుకుని తినండి."

"నోరు మూసుకుంటే ఎట్లా తినను?"

ఆ సముదాయంలో ఒక కట్టుబాటు ఉంది. గాలిలో విన్నది బయట చెప్పకూడదు. ఒక ఇంటి గాలి మరో ఇంటివాళ్ళ ఎదుట తీయకూడదు. ఎక్కడా రాసిపెట్టలేదు కానీ అందరూ పాటిస్తారు. పాటించని ఒకడు మూడేళ్ళ కింద దుకాణం ఎత్తేసుకుని పోయాడు.

హెరిబెర్తో మొదటిసారి వచ్చింది మార్చిలో. యాభయ్యేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, లవంగనూనె వాసన. పళ్ళ డాక్టర్లకు దూది, సిమెంటు, సూదులు సరఫరా చేసే ఉద్యోగం. ఎవరైనా పెద్ద చదువు చదివినవాళ్ళని పిలిచినట్టు "లిసెన్సియాదో గారూ" అంటే కాదనడు.

"నా రాణీ, హాల్లో టీవీ కింద పెట్టుకునే గేమింగ్ కంప్యూటరు కావాలి," అన్నాడు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళందరూ అతనికి రాణులే. "చేత్తో పట్టుకుపోయేలా ఉండాలి. టిఫిను క్యారియరంత అనుకోండి. కానీ ఆటలన్నీ ఆడాలి, ఎక్కడా తడబడకూడదు."

"ఎన్నిసార్లు మోస్తారు?"

"వారానికి రెండుసార్లు. నా ఉద్యోగం అలాంటిది. రెండుచోట్ల హాలుంది."

"టీవీ కింద అర లోతెంత?"

అతను పర్సులోంచి చీటీ తీశాడు. రెండు అరలూ టేపు పెట్టి కొలుచుకుని వచ్చాడు. మామూలుగా అంత జాగ్రత్తగా ఎవరూ రారు. "ఒకటి పెద్దదే, ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు. చిన్నింట్లోనే ఇబ్బంది. ఇరవై ఒకటే."

జెనైదా ఆర్డరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది: పెద్దిల్లు 38, చిన్నిల్లు 21. ఆమె రాసింది కొలతలు మాత్రమే. రొట్టె నములుతూ వచ్చిన ఫెర్మిన్ ఆ కాగితాన్ని తలకిందులుగానే చదివాడు.

"చిన్నిల్లు ఇరవై ఒకటా! పాపం, చిన్నింటికి ఎప్పుడూ అన్నీ తక్కువే కదండీ లిసెన్సియాదో గారూ!"

హెరిబెర్తో చెవులు ఎర్రబడ్డాయి. క్షణమే. తరవాత అతను పెదాలు సాగదీసి నవ్వి, ఫెర్మిన్‌కి కన్ను కొట్టాడు. కాగితం మీద తను రాసిన మాట నిజమని జెనైదాకి ఆ కన్నుకొట్టడంతో తెలిసిపోయింది.

ఆ కాగితం చింపెయ్యొచ్చు. చింపలేదు. అలాంటి పెట్టె ఒకటి చెయ్యాలని ఆమె రెండేళ్ళుగా అనుకుంటోంది. వచ్చేవాళ్ళందరూ రంగురంగుల దీపాలు పెట్టిన పెద్ద టవర్లు అడిగేవాళ్ళే. పనితనం చూపించే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చింది. కాగితం మీద తేదీ వేసింది.

పందొమ్మిది రోజులు పట్టింది. రేకుపని చేసే ఒక ముసలాయన చేత అల్యూమినియం రేకు వంచించింది. ముప్ఫై మూడు సెంటీమీటర్ల పొడవు, ఇరవై లోతు, పదిన్నర ఎత్తు. లోపల ఏడు లీటర్లకి కాస్త తక్కువ చోటు. మధ్యలో అడ్డుపలక పెట్టి, దానికి ఒకపక్క మదర్‌బోర్డు, రెండోపక్క గ్రాఫిక్స్ కార్డు, వీపుకి వీపు ఆనించినట్టు బిగించింది. రెంటినీ రిబ్బనులాంటి కేబులుతో కలిపింది. అగ్గిపెట్టెల వరసలాంటి చిన్న పవర్ సప్లై. తీగలన్నీ కొలిచి, కత్తిరించి, మళ్ళీ తనే కొసలు బిగించింది. ఎక్కడా పిసరంత వైరు మిగల్లేదు. పాత సూట్‌కేసు తోలుపిడి పైన బిగించింది. తూకం వేస్తే నాలుగు కిలోల మూడు వందలు. గంటసేపు బరువైన ఆట ఆడించి వేడి చూసింది. డెబ్భై ఒక్క డిగ్రీలు దాటలేదు.

మొదటిసారి ఫ్యాను తిరిగినప్పుడు ఆ పెట్టె ఏ వాసనా వదల్లేదు, ఏ మాటా వదల్లేదు. అది ఇంకా ఎవరింట్లోనూ ఉండలేదు. జెనైదా దాని దగ్గర ముక్కు పెట్టి మరీ చూసింది.

అప్పగించేటప్పుడు చెప్పవలసింది చెప్పింది. "ఒకచోట నుంచి ఒకచోటికి తీసుకెళ్ళినప్పుడల్లా బయట గాలి తీసి లోపలికి తీసుకెళ్ళండి. పెద్ద టవర్లలో గాలి పలచబడుతుంది, మాటలు కలగాపులగం అయిపోతాయి. ఇది ఏడు లీటర్లే. చిక్కగా వస్తుంది."

"మాట కూడా తెలుస్తుందా?"

"దగ్గు కూడా తెలుస్తుంది."

అతను పిడి పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు. "మీ చేతుల్లో ఏదో ఉంది రాణీ," అని, ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని కాస్త ఎక్కువసేపే వదల్లేదు. అతను పోయాక ఆమె స్పిరిటుతో మణికట్టు దాకా తుడుచుకుంది.

ఆగస్టులో మళ్ళీ వచ్చాడు, పెట్టెతో సహా. అప్పుడు బేరాల్లేని వేళ. బల్ల మీద జెనైదా స్క్రూడ్రైవర్లు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా ఉన్నాయి. కూర్చుంటూనే అతను అన్నిటికంటే సన్నదాన్ని తీసుకుని గోళ్ళలో మట్టి తీసుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక చిన్న సాయం చెయ్యాలి. దీని ఊపిరి ఆపాలి."

"అర్థం కాలేదండీ."

"గురువారం సాయంత్రం ఒకసారి, సోమవారం పొద్దున ఒకసారి, పెట్రోలు బంకులో ప్లగ్గు అడుక్కుని, కారు డిక్కీలో పెట్టి గాలి తీయాల్సొస్తోంది. బంకు కుర్రాళ్ళు చుట్టూ చేరి వింటున్నారు. ఒకడైతే మా కుక్క పేరు కూడా నేర్చుకున్నాడు." చూపుడువేలు అయింది. మధ్యవేలు మొదలుపెట్టాడు. "గాలి పీల్చుకోనీ, నాకభ్యంతరం లేదు. వదలకూడదంతే."

"వదలకపోతే వేడెక్కి ఆగిపోతుంది. పిల్లలు ఆడుకునేది కదా. ఇద్దరికీ చెరొకటి కొనిపెట్టొచ్చుగా మీరు?"

"ఇద్దరికీ కొన్నాగా!" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అక్కడ పిల్లాడు నాన్న నాకే కొన్నాడనుకుంటాడు. ఇక్కడ పిల్ల నాకే అనుకుంటుంది. నేను ఉన్న రోజులు అదీ ఉంటుంది, నేను లేని రోజులు అదీ లేదు. ఆఫీసు పనికి కావాలని చెప్పాను. ఇద్దరూ సంతోషమే. ఇందులో నష్టపోయింది ఎవరో మీరే చెప్పండి రాణీ."

జెనైదా పెట్టె పక్కభాగం చూస్తోంది. తను సానపెట్టిన రేకు మీద జిగురు మరకలు, ఒకదాని మీద ఒకటి, కనీసం డజను. గీసి గీసి పీకేసిన స్టిక్కర్ల ఆనవాళ్ళు. ఒకచోట గులాబీరంగు నీటిబల్లి బొమ్మ తోకముక్క ఇంకా మిగిలింది. ఆమె చూపు గమనించి అతను బొటనవేలి గోటితో దాన్ని కూడా గీకేశాడు. కాగితప్పొట్టు ఆమె బల్ల మీద రాలింది.

"పిల్ల అంటిస్తుంది. నేను పీకుతాను. ఊడిపోయిందమ్మా అని చెప్తాను. డిసెంబరు దాకా ఓపిక పట్టాలంతే. డిసెంబరుకి అన్నీ సర్దేస్తా. మాటంటే మాటే."

"ఊపిరి ఆపడం నా వల్ల కాదండీ."

"మీరు మా ఇంటి మనిషిలాంటివాళ్ళు అనుకుని అడిగాను."

"ఏ ఇంటి?"

అతను మళ్ళీ అదే నవ్వు నవ్వాడు. కోపం రాదు ఆ మనిషికి. ఆమెకి ఎక్కువ రోత పుట్టించింది అదే. స్క్రూడ్రైవరు మొన తన ప్యాంటుకి తుడిచి, వరసలో దాని చోట దాన్ని పద్ధతిగా పెట్టి వెళ్ళాడు.

జెనైదా కాగితంతో దాన్ని పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది. మధ్యాహ్నం ఫెర్మిన్ దాన్ని ఏరుకున్నాడు. "బంగారంలాంటి వస్తువు పారేస్తావా!" అన్నాడు. సాయంత్రం దాంతోనే కాఫీ కలుపుకున్నాడు.

నవంబరు మూడో సోమవారం. పన్నెండుంపావు. ఒక మనిషి పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నడవలో నంబర్లు చూసుకుంటూ వచ్చింది. తెల్లప్యాంటు, తెల్లబూట్లు, నీలం స్వెట్టరు. ముప్ఫై అయిదుంటాయేమో. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోని కళ్ళు.

"214 మీదేనా అండీ? దీని కింద మీ గ్యారంటీ చీటీ ఉంది. నా పేరు ఇవోన్. మా రెనాతా కంప్యూటరు ఇది. శనివారం నుంచి ఊరికే ఆగిపోతోంది. అయిదు నిమిషాలు ఆడగానే చచ్చిపోతుంది. వాళ్ళ నాన్న తరవాత చూస్తాలే అని ఇక్కడే వదిలేసి పొద్దున పనికి వెళ్ళిపోయాడు. పిల్ల ఏడుపు చూడలేక తెచ్చాను."

జెనైదా పెట్టెని గుర్తుపట్టింది. మనిషిని కూడా, ఎప్పుడూ చూడకపోయినా.

"ఎంతసేపు పడుతుందండీ? రెండింటిలోపు నేను యూనియన్ ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి."

"విప్పితే గానీ తెలీదు. కూర్చోండి."

ఇవోన్ స్టూలు మీద కూర్చుంది. నిద్ర రాకుండా మాట్లాడేవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టే, ఆరేసి నెలలకి సంతకం. ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగం వచ్చింది, కానీ మెరీదాలో. క్వార్టర్సు కూడా ఇస్తారు. పగటి డ్యూటీ. ఒప్పుకుంటున్నదీ లేనిదీ ఇవాళ రెండింటికి చెప్పాలి. చెప్పకపోయినా, వద్దన్నా, జాబితాలో తరవాతి మనిషికి పోతుంది. మళ్ళీ తన వంతు ఎప్పుడో తెలీదు.

"మెరీదా మంచి ఊరంటారు," అంది జెనైదా స్క్రూలు తిప్పుతూ.

"బాగుంటుందంట. కానీ వద్దని రాసేశాను." ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ కవరు తట్టింది. "మా ఆయన మొదటి పెళ్ళి విడాకుల కాగితాలు డిసెంబరుకి వచ్చేస్తాయి. ఇన్నాళ్ళూ శుక్రవారం, శని, ఆది మాత్రమే మాతో ఉండేది. మిగతా రోజులు కెరెతారో ఊళ్ళో పని. ఇంక ఏడు రోజులూ ఇంట్లోనే ఉంటానన్నాడు. ఇన్నేళ్ళు ఆగి, తీరా ఇప్పుడు పిల్లని తీసుకుని పదిహేను వందల కిలోమీటర్లు పోతే ఏం న్యాయం?"

ఎదురుగా ఫెర్మిన్ రేడియో శబ్దం తగ్గించాడు.

"ఆ స్టిక్కర్ల మరకలు మీరే తుడిచారా?" అంది జెనైదా. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

"అయ్యో, అదొక కథ. రెనాతాకి నీటిబల్లులంటే పిచ్చి. ప్రతి శుక్రవారం ఒకటి అంటిస్తుంది. వచ్చే శుక్రవారానికి ఊడిపోయి ఉంటుంది. చవక స్టిక్కర్లు. ఈసారి జిగురు కూడా వేసింది పాపం."

మూత వచ్చేసింది. జెనైదా ఒక్కసారి తల వెనక్కి తీసుకుంది.

గాలి బయటికి పోయే చిల్లులన్నీ లోపలినుంచి దూదిచుట్టలతో కుక్కేసి ఉన్నాయి. వేలెడు పొడవు, సిగరెట్టు లావు. వేడికి గోధుమరంగు తిరిగి, తేమకి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి మధ్య చంద్రవంకల్లా కత్తిరించిన గోళ్ళు, పసుపచ్చగా, మందంగా, ఒక మగమనిషి కాళ్ళవి. ఒక దూదిచుట్ట చివర బొద్దింక గుడ్లతిత్తి. ఇంకోదాని మీద పాకం కట్టిన జిడ్డు, అందులో పొట్టి తెల్లటి కుక్క వెంట్రుకలు. తను కొలిచి కత్తిరించిన తీగల మీద పేడరంగు చుక్కలు. పందొమ్మిది రోజుల పని. జెనైదా నోట్లో చేదునీళ్ళూరి, మింగలేక, పక్కకి తిరిగి కాగితంలో ఉమ్మింది.

"నన్ను చూడనివ్వండి," అంది ఇవోన్. ఆమెకి అసహ్యం లేదు. వంగి, పట్టకారు తనే తీసుకుని, పుండులోంచి దారం లాగినట్టు ఒక చుట్ట బయటికి లాగింది. "ఇవి దవడలో పెట్టే దూదిచుట్టలు. మా బాత్రూములో డబ్బాలకి డబ్బాలుంటాయి. నేను పెట్టలేదు. రెనాతా పెట్టదు." చుట్టని వెలుగులో తిప్పి చూసింది. "ఆయనెందుకు పెడతాడు?"

"శబ్దం తగ్గుతుందనుకున్నారేమో."

ఇద్దరూ కలిసి తీశారు. ఇరవై రెండు చుట్టలు. ఇవోన్ వాటిని లెక్కపెట్టి స్క్రూల డబ్బా ఇనుప మూతలో వరసగా పేర్చింది, శస్త్రచికిత్స తరవాత దూది లెక్కపెట్టే అలవాటు. జెనైదా బ్రష్షుతో, స్పిరిటుతో లోపలంతా తుడిచింది. వేడిని లాగే హీట్‌సింకు మీద పాత పేస్టు గీకి కొత్తది రాసింది. మూత బిగించింది. గడియారం ఒంటిగంట అయిదు చూపిస్తోంది.

ఇంక మిగిలింది కరెంటు పెట్టి చూపించడం. కిటికీ ముప్ఫై అడుగుల దూరం. తీసుకెళ్ళి, గాలి తీసి, తెచ్చి ఇస్తే అయిపోతుంది. ఈ మనిషి కాగితం ఇచ్చేసి ఇంటికి పోతుంది. ఒక ఇంటి గాలి మరో ఇంటివాళ్ళ ఎదుట తీయకూడదు. మార్చిలో అతను కన్నుకొట్టడం చూసి కూడా తను తేదీ వేసింది. ఆగస్టులో బల్ల మీద కాగితప్పొట్టు ఊడ్చేసింది. కట్టుబాటు అనుకుంటూ ఊడ్చింది. చేతికి అంటిన జిడ్డు ఇంకా వదల్లేదు.

"దీంట్లో చాలా గాలి ఇరుక్కుపోయింది," అంది. "కిటికీ దగ్గర తీయమంటారా? మీ ఎదురుగా తీయమంటారా? పెట్టె మీది. మీరు చెప్పండి."

ఇవోన్ మొదటిసారి నవ్వింది. "మా హాలు గాలేగా! మీకే ఇబ్బంది. నిన్న చేపలు వేయించాను."

జెనైదా బటన్ నొక్కింది.

చేపల వాసనే వచ్చింది ముందు. తరవాత ఉతికిన బట్టలు, పిల్ల తలకి రాసుకునే ఆపిల్ షాంపూ. "అమ్మా, చూడు చూడు, మూడో స్థాయి దాటేశా!" అని ఒక ఆడపిల్ల గొంతు. ఇవోన్ మొహం విప్పారింది. "అదే, శనివారం," అంది.

ఆ గాలి అయిపోగానే వెనకే ఇంకొకటి వచ్చింది. పైన్ వాసన వేసే ఫినాయిలు. నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు. చిన్న కుక్క ఒకటి రెండుసార్లు మొరిగింది.

"మాకు కుక్క లేదే," అంది ఇవోన్.

టక్. టక్. నెయిల్ కట్టరు చప్పుడు, నింపాదిగా, ఒక వేలి తరవాత ఒక వేలు.

"కాళ్ళు ఎత్తు హెరీ, తడిగుడ్డ పెడుతున్నా," అంది ఒక ఆడగొంతు, ఇరవయ్యేళ్ళుగా అదే మాట అంటున్న మనిషి విసుగుతో. "గోళ్ళు ఆ కంప్యూటరు మీద పడుతున్నాయి. అయినా ప్రతి గురువారం దాన్ని పట్టుకుపోవడం ఏమిటి? పిల్లాడు బెంగ పెట్టుకుంటున్నాడు. ఆ క్లినిక్కులవాళ్ళకి శని ఆదివారాలు ఇళ్ళూ వాకిళ్ళూ ఉండవా?"

"డిసెంబరు దాకా ఓపిక పట్టు నా రాణీ." టక్. "డిసెంబరు నుంచి ఏడు రోజులూ ఇంట్లోనే ఉంటా." ఊపిరి తీసుకునేంత విరామం. "మాటంటే..."

"మాటే," అంది ఇవోన్. గాలిలోని గొంతూ ఆమె గొంతూ ఒకేసారి పలికాయి.

ఆ తరవాత కూడా వచ్చింది. దూది కుక్కినప్పటినుంచీ ఉన్న వారాలన్నీ వెనక్కి వెనక్కి వచ్చాయి. ఒక హాలు, మరో హాలు, చేపలు, మిరపకాయలు, ఆపిల్ షాంపూ, కుక్క. రెండుచోట్లా అదే టక్ టక్. ఒక గాలిలో ఏదో బర్రున గీకిన చప్పుడు, "ఊడిపోయిందమ్మా" అని అతను ఎవరూ లేని గదిలో ఆ మాట సాధన చేసుకోవడం వినిపించింది. ఎదురుగా ఫెర్మిన్ తినబోతున్న రొట్టెని కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాడు. ఆ సముదాయంలో అతను తిండి పక్కన పెట్టడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఫ్యాను నెమ్మదించింది. తెర మీద వేడి నలభై ఒకటి. పెట్టె బాగయింది.

ఇవోన్ కూర్చున్నచోటే ఉంది. ఏడవలేదు. ఇనుప మూతలో పేర్చిన ఇరవై రెండు దూదిచుట్టల కేసి చూస్తోంది.

"మీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు," అంది జెనైదా.

"ఎప్పటినుంచి?"

"మార్చి నుంచి."

ఇవోన్ తలెత్తి ఆమెని చూసింది. పొద్దున్నే మూతలు విప్పినప్పుడు జెనైదా లోపలికి చూసే చూపు అది. ఆ చూపు తన మీద పడడం జెనైదాకి అదే మొదటిసారి. తల దించుకుంది.

"పెన్నుందా?"

ఇచ్చింది. ఇవోన్ ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. పేరూ ఊరూ కాక అందులో వాక్యం ఒక్కటే. స్పానిష్‌లో రాసిన ఆ వాక్యంలో మొదటి మాట 'నో', కాదని. దాన్ని రెండు గీతలతో కొట్టేసింది. తరవాతి మాట, అంగీకరిస్తున్నాను అన్నది, చిన్నక్షరంతో మొదలైంది. ఆ అక్షరాన్ని దిద్ది పెద్దక్షరం చేసింది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టింది, ఆసుపత్రి కాగితాల్లో మందు మార్చినప్పుడు పెట్టినట్టు.

"ఎంత బరువు ఇది?"

"నాలుగు కిలోల మూడు వందలు."

"బస్సులో సీటు కింద పడుతుందా?"

"పడుతుంది. నిలువుగా కాకుండా పడుకోబెట్టండి," అంది జెనైదా. "మెరీదాలో తేమ ఎక్కువ. నెలకోసారి మూత విప్పి ఆరబెట్టాలి. స్టిక్కరు అంటించేముందు రేకు స్పిరిటుతో తుడిస్తే ఊడదు."

మజూరీ ఎంతని ఇవోన్ అడగలేదు. జెనైదా చెప్పలేదు. ఇవోన్ సంచీలోంచి చిన్న పొట్లం చింపి, ఇంజక్షనుకి ముందు చర్మం తుడిచే స్పిరిటు దూది తీసింది. తోలుపిడిని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచింది. దూది తిప్పి, అడుగున కూడా తుడిచింది. నల్లబడిన దూదిని జెనైదా బల్ల మీద, మిగతా ఇరవై రెండింటి పక్కన పెట్టింది. అప్పుడు పిడి పట్టుకుని లేచింది.

"మెట్లెటు?"

"ఎడమకి," అన్నాడు ఫెర్మిన్, చాలా మెల్లగా. "జాగ్రత్తమ్మా, మూడో మెట్టు విరిగింది."

మెరీదా ఉద్యోగాలకి ఆ రోజు యూనియన్ ఆఫీసులో అందిన అంగీకారపత్రాలు మొత్తం నాలుగు. కొట్టివేత ఉన్నది ఒక్కటే. దాని మీద పడ్డ ముద్రలో సమయం ఒంటిగంట నలభై ఆరు.